చెయ్యి ఆడుతున్నప్పుడే పెట్టాల్సిన సంతకాలు



చంద్రపూర్, బల్లార్‌పూర్, ఘుగ్గుస్, రాజురా పట్టణాల్లో ఈ ప్రసంగం వింటున్న తెలుగు కుటుంబాలతో ఇవాళ ఒక కష్టమైన సంగతి మాట్లాడాలి. ఇంట్లో సంపాదించే మనిషి బతికే ఉన్నాడు, మంచం మీదే ఉన్నాడు, కానీ మాట లేదు, సంతకం చేసే తెలివి లేదు. అప్పుడు ఆ ఇల్లు ఎలా నడవాలి? అతని జీతం ఎవరు తీయాలి? పిల్లల ఫీజు ఎవరు కట్టాలి? ముసలి తల్లిదండ్రుల మందులకు డబ్బు ఎవరి చేతి మీదుగా రావాలి? మనలో చాలామందికి, భార్య ఉంది కదా, ఆమె చూసుకుంటుంది కదా అని ధీమా. చూసుకునేది ఆమే. అయితే చూసుకునే అధికారం ఆమెకు ఏ కాగితం ఇస్తుంది అన్నదే ఇవాళ నా ప్రశ్న.

ఈ ప్రశ్న ఎక్కడైనా ఒకటే గానీ, చంద్రపూర్ జిల్లాలో దీనికి ఇంకో మెలిక ఉంది. లాల్‌పేట గనుల దగ్గర, బల్లార్‌పూర్ కాగితం మిల్లు దగ్గర, దుర్గాపూర్ థర్మల్ విద్యుత్ కేంద్రం దగ్గర స్థిరపడ్డ తెలుగువాళ్లలో చాలామంది మూలాలు కరీంనగర్, ఆదిలాబాద్ వైపువి. రాజురా అయితే 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే, ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. అందుకే మన ఇళ్లలో జీతం ఇక్కడ, భూమి అక్కడ. ఇక్కడి భూమి రికార్డు సాత్‌బారా మరాఠీలో, అక్కడి పట్టా పాసు పుస్తకం తెలుగులో. బాపు పేరు గని సర్వీసు పుస్తకంలో ఒక తీరుగా, ఆధార్‌లో ఒక తీరుగా, ఊళ్లోని పహాణీలో ఇంకో తీరుగా ఉంటుంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. మహారాష్ట్ర గుమాస్తా పేరు ముందు రాసి, తండ్రి పేరు నడుమ పెట్టి, ఇంటిపేరు చివర వేస్తాడు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఇది చిన్న విషయం. ఆఫీసుకు వెళ్లి, ఆ మనిషినీ నేనే, ఈ మనిషినీ నేనే అని చెప్పుకుంటే సరిపోతుంది. ఆ మాట చెప్పగలిగిన ఒక్క మనిషికే మాట పడిపోతే ఆ తేడా కొండంత అవుతుంది.

ఒక ఇంటిని ఊహించండి. ఇది ఏ ఒక్కరి కథా కాదు, ఇలాంటి ఇళ్లు ఎన్నో. ఇంటాయనకు నలభై ఆరేళ్లు, గనిలో పని. బాపు కూడా గనిలోనే చేసి రిటైరయ్యాడు, పింఛను వస్తుంది. అవ్వకు షుగరు, చూపు తగ్గింది. బిడ్డ నాగ్‌పూర్‌లో హాస్టల్లో ఉండి చదువుతోంది, కొడుకు పదో తరగతి. రాత్రి షిఫ్టు దిగి వచ్చి స్నానానికి వెళ్లిన ఆయన అక్కడే పడిపోయాడు. పక్షవాతం. చంద్రపూర్ ఆసుపత్రి నుంచి నాగ్‌పూర్‌కు తరలించారు. ప్రాణం దక్కింది. మనుషుల్ని గుర్తుపట్టడం లేదు.

మొదటి వారం చుట్టాలు తలా ఇంత వేసుకున్నారు. రెండో వారం ఆయన భార్య, మనకు వదిన, ఆయన ఫోను చేతిలోకి తీసుకుంది. తెర మీద తొమ్మిది చుక్కల గీత. పిల్లాడికి తెలుసేమోనని అడిగింది, వాడికీ తెలియదు. బ్యాంకు ఓటీపీ వచ్చేది ఆ ఫోనుకే, కాలేజీ ఫీజు కట్టేది ఆ ఫోనులోంచే, గ్యాసు బుక్కయ్యేదీ దానిలోంచే. పాసుబుక్కు పట్టుకుని బ్యాంకుకు వెళితే ఖాతా ఆయన ఒక్కడి పేరు మీదే ఉంది. నామినీగా నా పేరుంది సార్ అందామె. మేనేజరు మంచివాడే, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. నామినీకి హక్కు వచ్చేది ఖాతాదారు పోయాకనేనమ్మా, ఆయన ఉండగా మేం ఇవ్వలేం అన్నాడు. అతను చెప్పింది చట్టం ప్రకారం నిజమే.

ఇదే అసలు సంగతి. మనం ముందుచూపు అనుకుని రాసిపెట్టుకునే కాగితాలన్నీ చావు కోసం రాసినవి. నామినేషను తెరుచుకునేది మరణ ధ్రువపత్రం చూపించాకే. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చన్నారు, మంచిదే. ఆ నలుగురూ కూడా ఖాతాదారు బతికి ఉన్నంతకాలం బయట నిలబడాల్సినవాళ్లే. వీలునామా కూడా అంతే, రాసినవాడు ఊపిరి తీసుకుంటున్నంతకాలం అది ఒట్టి కాగితం. బీమా పాలసీ చాలా వరకు అంతే. చావుకూ ఆరోగ్యానికీ మధ్య ఉన్న ఆ చీకటి గదికి మన దగ్గర తాళంచెవి లేదు. మెరుగవుతున్న వైద్యం వల్ల ఇవాళ మనుషులు ఆ గదిలో ఏళ్ల తరబడి ఉంటున్నారు.

మరి పవర్ ఆఫ్ అటార్నీ ఉంది కదా అంటారు. ముఖ్త్యార్ పత్రం, జీపీఏ, ఏ పేరుతో పిలిచినా ఒకటే. దయచేసి ఇక్కడ కాస్త చెవి పెట్టి వినండి, మన వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. భారత కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. అందులో 201వ సెక్షను ప్రకారం అధికారం ఇచ్చిన మనిషి చనిపోయినా, మతి స్థిమితం కోల్పోయినా ఆ అధికారం రద్దవుతుంది. అంటే భర్త భార్యకు స్టాంపు పేపరు మీద, రిజిస్ట్రారు ముందు, అన్ని హంగులతో జీపీఏ రాసిచ్చినా, ఆయన కోమాలోకి వెళ్లిన రోజున ఆ కాగితం బలం పోతుంది. ఏ రోజు కోసం రాయించుకున్నామో సరిగ్గా ఆ రోజే అది పనికిరాదు. దానిలో అధికారం పుచ్చుకున్నవారి సొంత ప్రయోజనం కూడా ముడిపడి ఉంటే మినహాయింపు ఉంది గానీ, అది అప్పులిచ్చినవాళ్లకూ కొనుగోలుదార్లకూ సంబంధించిన వ్యవహారం, ఇంటి సంరక్షణకు పనికొచ్చేది కాదు.

ఇంగ్లండులోనూ పూర్వం ఇదే సూత్రం. అక్కడ 1985లో చట్టం మార్చి, తెలివి తప్పాక కూడా నిలిచే అధికార పత్రాన్ని తెచ్చారు. 2005లో దాన్ని ఇంకా విస్తరించి, వైద్యం గురించి నిర్ణయించే అధికారం కూడా ముందుగానే నమ్మకస్తులకు రాసివ్వవచ్చన్నారు. అమెరికాలో ఉన్న మన పిల్లలు అక్కడ వీలునామాతో పాటే ఇలాంటి పత్రం రాసుకుంటారు. దాన్ని నమ్ముకుని మంచిర్యాలలో ఉన్న ఇంటిని అమ్మబోతే అడ్డం తిరుగుతుంది. మన దేశంలో అలాంటి చట్టం ఇంకా లేదు. ఉండాలి. నాకైతే ఇది మన పార్లమెంటు ఏనాడో చేయాల్సిన పని అనిపిస్తుంది. లక్షల ఇళ్లలో ఆడవాళ్లు ఈ ఒక్క లోటు వల్ల బ్యాంకు గుమ్మాల దగ్గర నిలబడుతున్నారు.

పాత జీపీఏ ఉంది కదా, ఎవరికి తెలుస్తుంది అని ఆయన పడిపోయాక కూడా దాని మీద భూమి అమ్మేసేవాళ్లున్నారు. అవసరం అలాంటిది, తప్పు పట్టలేం. కానీ అధికారం పోయిందని తెలిసీ చేసిన అమ్మకం నిలవదు. రేపు ఆడబిడ్డో మరిదో కోర్టుకు వెళితే కొన్నవాడు డబ్బు వెనక్కి ఇమ్మని వదిన మీదే పడతాడు. అప్పటికి ఆ డబ్బు ఆసుపత్రి బిల్లుల్లో కరిగిపోయి ఉంటుంది.

సరే, అధికారం ఎక్కడ దొరుకుతుంది? భర్తకు భార్య సహజ సంరక్షకురాలని ఏ చట్టమూ చెప్పడం లేదు. సంరక్షకుల గురించి 1890లో వచ్చిన చట్టం మైనరు పిల్లల కోసం. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారి కోసం. 1987 మానసిక ఆరోగ్య చట్టంలో ఆస్తికి మేనేజరును నియమించే పద్ధతి జిల్లా కోర్టు చేతిలో ఉండేది. 2017లో కొత్త చట్టం వచ్చినప్పుడు మిగతా మంచి మార్పులెన్నో చేశారు గానీ ఆ అధ్యాయం ఎగిరిపోయింది. కోమాలో ఉన్న మనిషి ఏ చట్టం గొడుగు కిందికీ రాకుండా బయట తడుస్తూ ఉండిపోయాడు.

ఆ ఖాళీని హైకోర్టులు నింపాయి. కేరళ హైకోర్టు 2019లో ఇలాంటి కుటుంబాలు వేసిన పిటిషన్లు విని ఒక పద్ధతి ఏర్పరచింది. మెడికల్ బోర్డు రోగిని పరీక్షించాలి, తహసీల్దారు స్థాయికి తగ్గని అధికారి ఆస్తుల సంగతీ బంధువుల సంగతీ విచారించి నివేదిక ఇవ్వాలి, సంరక్షకులుగా నియమితులైనవారు ఆరు నెలలకోసారి లెక్క చెప్పాలి. మరుసటి ఏడాది, 2020 ఆగస్టులో, మన రాష్ట్రంలోనే బొంబాయి హైకోర్టులో జస్టిస్ ఉజ్జల్ భుయాన్, జస్టిస్ మిలింద్ జాదవ్ ఇలాంటి కేసే విన్నారు. భర్త కోమాలో ఉన్నాడు. ఇంట్లో ఒకవైపు పిల్లలు, ఇంకోవైపు ఆయన తల్లి. రాజ్యాంగం 226వ అధికరణ కింద భార్యను ఆయనకు సంరక్షకురాలిగా నియమించారు. ఆమె ఆ బాధ్యత ఎలా నిర్వహిస్తోందో గమనిస్తూ ఉండమని రాష్ట్ర న్యాయసేవల సంస్థకు చెప్పారు. 2024లో మద్రాసు హైకోర్టు ఇంకో అడుగు వేసి, కోమాలో ఉన్న భర్త పేరు మీది ఆస్తిని అమ్ముకునే అనుమతి భార్యకు ఇచ్చింది. సివిల్ కోర్టుకు వెళ్లమని మొదట ఆమెను తిప్పి పంపిన ఉత్తర్వును అప్పీలులో కొట్టేసింది.

ఇవన్నీ ఆదుకునే తీర్పులే. కానీ మన వదిన సంగతి చూడండి. చంద్రపూర్ నుంచి బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ బెంచికి 150 కిలోమీటర్లు. వకీలు, మెడికల్ బోర్డు, అఫిడవిట్లు, వాయిదాలు. పగలు ఆసుపత్రి, రాత్రి అత్తమామలకు వంట. ఆ దారి ఆఖరి దారిగా ఉంచుకుని, అక్కడిదాకా వెళ్లకుండా ఉండేందుకు చేయగలిగినవి చెబుతాను.

అన్నిటికన్నా ముందు బ్యాంకు ఖాతా. ఇంటి ఖర్చులు నడిచే ఖాతాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. ఫారంలో ఖాతా ఎలా నడపాలి అని ఒక గడి ఉంటుంది. అక్కడ ఈదర్ ఆర్ సర్వైవర్ అని ఉండాలి. అంటే ఇద్దరిలో ఎవరైనా తీయవచ్చు. ఫార్మర్ ఆర్ సర్వైవర్ అని ఉంటే మొదటి పేరువాళ్లు పోయాకే రెండోవాళ్లకు హక్కు. జాయింట్‌లీ అని ఉంటే ఇద్దరూ సంతకం పెట్టాలి, ఒకరు పెట్టలేకపోతే ఖాతా బిగుసుకుపోతుంది. ఇరవై ఏళ్ల కింద ఎవరో గుమాస్తా టిక్కు పెట్టిన గడి అది. పాసుబుక్కు మొదటి పేజీ తీసి చూడండి. ఫిక్స్‌డ్ డిపాజిట్లకు కూడా ఇదే వర్తిస్తుంది, గడువుకు ముందు తీసుకునే అధికారం ఇద్దరిలో ఎవరికైనా ఉండాలని బ్యాంకుకు రాసివ్వాలి. జీతం పడే ఖాతాలో రెండో పేరు చేర్చడం కుదరకపోతే, జీతం పడిన మర్నాడే అందులోంచి ఇంటి ఖర్చు మొత్తం జాయింటు ఖాతాకు మారేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షను పెట్టుకోవచ్చు. ఇల్లు నడవడానికి ఆచరణలో ఇంతకన్నా పనికొచ్చే ఏర్పాటు ఇంకోటి లేదు.

రెండో సంగతి, చెయ్యి పడిపోవడం వేరు, తెలివి తప్పడం వేరు. పక్షవాతం వచ్చిన ప్రతివారూ తెలివి కోల్పోరు. మాట ముద్దగా వస్తుంది, కుడిచెయ్యి లేవదు, కానీ ఎదుటివాళ్లు చెప్పేది అర్థమవుతుంది. అలాంటివాళ్ల కోసం రిజర్వు బ్యాంకు చాలాకాలం కిందే నియమం పెట్టింది. సంతకం చేయలేనివారు వేలిముద్ర వేయవచ్చు, చేతివేలు కుదరకపోతే కాలి బొటనవేలి ముద్ర వేయవచ్చు. ఇద్దరు సాక్షులుండాలి, అందులో ఒకరు బాధ్యత గల బ్యాంకు ఉద్యోగి కావాలి. డబ్బు ఎవరు తీసుకెళతారో ఖాతాదారు చెప్పాలి, ఆ మనిషిని సాక్షులు గుర్తించాలి. ఇది తెలియక మంచాన్ని ఆటోలో ఎక్కించి బ్యాంకుకు తీసుకొచ్చే కుటుంబాలున్నాయి. ఇలాగే రిజిస్ట్రేషను చట్టంలోనూ వెసులుబాటు ఉంది. కదలలేని మనిషి ఉంటే కారణం చూపి దరఖాస్తు చేస్తే సబ్ రిజిస్ట్రారు ఇంటికే వచ్చి దస్తావేజు తీసుకోవచ్చు.

కాబట్టి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మనిషికి తెలివి ఉందంటే, ఆ కొద్ది నెలలు బంగారం లాంటివి. మతి అప్పుడప్పుడూ తప్పే మనిషి కూడా స్థిమితంగా ఉన్న సమయంలో చేసుకున్న ఒప్పందం చెల్లుతుందని కాంట్రాక్టు చట్టం 12వ సెక్షనే చెబుతోంది. ఆ రోజే, ఆ పూటే, ఈయనకు విషయం అర్థమవుతోంది అని డాక్టరు చేత రాయించుకోండి. మరాఠీలో రాసిన పత్రమైతే దాన్ని తెలుగులో చదివి వినిపించి, అర్థమయ్యాకే ముద్ర వేశారని అందులోనే రాయించండి. ముసలివాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. తెలియని భాషలో ఉన్న కాగితం మీద అవ్వ వేలిముద్ర వేయించడం ఆమెకు అన్యాయం, రేపు కోర్టులోనూ నిలవదు.

ముసలివాళ్ల మాట వచ్చింది కనుక చెబుతున్నాను. మనం మన గురించి ఏర్పాట్లు చేసుకునే ముందు బాపు, అవ్వల కాగితాలు చూడాలి. ఊళ్లో రెండెకరాలు బాపు పేరు మీద ఉంటే, మతిమరుపు ముదిరాక ఆయన వైద్యానికి కూడా ఆ భూమి అక్కరకు రాదు. ఆయన చంద్రపూర్‌లో మీ దగ్గరే ఉంటూ ఊరి భూమి పని ఇంకొకరికి అప్పగించదలిస్తే, దస్తావేజును ఆయన తరఫున రిజిస్ట్రారుకు దాఖలు చేసే అధికార పత్రం ఆయన ఉండే చోటి సబ్ రిజిస్ట్రారు ముందే రాయాలి, ఆ అధికారే దాన్ని ధ్రువీకరించాలి. ఊళ్లో నోటరీ చేయించిన కాగితం దానికి సరిపోదు. ఇక కొడుకు పేరున భూమి రాసిచ్చేసే ముందు, నన్నూ మీ అవ్వనూ పోషించాలి, వైద్యం చేయించాలి అన్న షరతు గిఫ్టు డీడులోనే రాయించమనండి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల సంక్షేమ చట్టం 2007లో 23వ సెక్షను ఆ షరతు తప్పితే గిఫ్టును రద్దు చేయిస్తుంది. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో షరతు ఉండి తీరాలంది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్ తల్లి ఒకామె కేసులో, ఆస్తి స్వాధీనం కూడా ఇప్పించే అధికారం ఈ చట్టం కింది ట్రిబ్యునల్‌కు ఉందని చెప్పింది. కొడుకు మీద అపనమ్మకంతో చెప్పడం లేదు. కొడుకే మంచాన పడితే ఆ భూమి బాపుకూ అవ్వకూ దక్కాలంటే, రాసిన మాట ఒకటి ఉండాలి కదా.

అదే చట్టం పోషణ బాధ్యతను కొడుకుల మీదా కూతుళ్ల మీదా, పెద్దవాళ్లయిన మనవలూ మనవరాళ్ల మీదా పెట్టింది. కోడలి పేరు ఆ జాబితాలో లేదు. ఇంట్లో మాత్రం అత్తామామల మాత్రలు లెక్కపెట్టేది కోడలే. ఆయన పడిపోయిన ఇంట్లో, చట్టప్రకారం బాధ్యత లేని మనిషి బాధ్యతంతా మోస్తూ ఉంటుంది, అధికారం మాత్రం ఎక్కడా లేదు. అందుకే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకసారి కూర్చుని, నాకేమైనా అయితే బాపు దగ్గర ఎవరుంటారు, పింఛను లైఫ్ సర్టిఫికెట్‌కు ఏటా ఎవరు తీసుకెళతారు అని ముఖాముఖి మాట్లాడుకోవాలి. పండక్కి ఊరికి వెళ్లినప్పుడు మాట్లాడుకోండి.

గనిలో పర్మినెంటు ఉద్యోగం ఉన్నవాళ్లకు ఇంకో సంగతి. బొగ్గు కార్మికుల జాతీయ వేతన ఒప్పందంలో 9.4.0 అనే క్లాజు ఉంది. జబ్బు వల్ల గానీ గాయం వల్ల గానీ శాశ్వతంగా పనికి అనర్హుడైన కార్మికుడి స్థానంలో ఆధారపడినవారిలో ఒకరికి ఉద్యోగం ఇచ్చే ఏర్పాటు అది. కంపెనీ వైద్య ధ్రువీకరణ, వయసు షరతులు ఉన్నాయి, వాటి మీద వ్యాజ్యాలూ ఎన్నో నడిచాయి, కాబట్టి అదే దిక్కు అని కూర్చోవద్దు. కానీ సర్వీసు రికార్డులో భార్య పేరు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు ఆధార్‌తో కలవకపోతే ఆ తలుపు దగ్గరికి వెళ్లడమే కష్టం. ఈ నెల జీతం స్లిప్పు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు పర్సనల్ ఆఫీసులో ఆ పేజీ చూపించమనండి. కాంట్రాక్టు కార్మికులకు ఈ క్లాజు లేదు. పీఎఫ్ పింఛను పథకంలో మాత్రం పనికి పూర్తిగా, శాశ్వతంగా అనర్హులైనవారికి పింఛను ఉంది, చాలామందికి అది తెలియదు.

పిల్లల సంగతి. తండ్రి మంచాన పడితే తల్లి సంరక్షకత్వానికి ఇబ్బంది లేదు. కానీ ఇద్దరికీ ఒకేసారి ప్రమాదం జరిగితే? 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం కింద తల్లిదండ్రులు వీలునామాలో పిల్లలకు సంరక్షకుణ్ని పేర్కొనవచ్చు. మేనమామా, పిన్నా, ఎవరైతే పిల్లలు వాళ్ల దగ్గర భయం లేకుండా నిద్రపోతారో వాళ్ల పేరు. వీలునామా తెల్లకాగితం మీద, తెలుగులోనే రాసుకోవచ్చు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేయాలి. ఇంట్లో బుద్ధిమాంద్యం, ఆటిజం లాంటి వైకల్యం ఉన్న బిడ్డ ఉంటే, ఆ బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండగానే మీ సహజ సంరక్షకత్వం ముగుస్తుందని గుర్తుంచుకోండి. అప్పుడు కలెక్టరు ఉండే స్థానిక స్థాయి కమిటీకి నేషనల్ ట్రస్టు చట్టం కింద దరఖాస్తు చేయాలి. దానికి హైకోర్టుకు వెళ్లే పని లేదు.

వైద్యం గురించి మన ఇష్టం ఏమిటో ముందుగా రాసి పెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. మొదట పెట్టిన షరతులు మరీ కఠినంగా ఉన్నాయని 2023 జనవరి 24న సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు రాసి, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలు. కోలుకునే ఆశ లేని స్థితి వస్తే గొట్టాల మీద, యంత్రాల మీద నన్ను నిలపవద్దు అని రాయవచ్చు. నా తరఫున నిర్ణయించేది వీళ్లు అని ఒకరికన్నా ఎక్కువమందిని పేర్కొనవచ్చు. ఒక ప్రతి మున్సిపాలిటీ లేదా పంచాయతీ తరఫు అధికారి దగ్గర ఉండాలి. మహారాష్ట్రలో ముంబయి డాక్టరు నిఖిల్ దాతార్ హైకోర్టు దాకా వెళ్లి పట్టుబట్టడంతో ఆ అధికారుల నియామకం కదిలింది. దీన్ని అమలు చేసే ముందు రెండు మెడికల్ బోర్డులు చూడాలి, కనుక ఎవరో తొందరపడి ప్రాణం తీస్తారన్న భయం అక్కర్లేదు. ఈ కాగితం లేని ఇంట్లో, యంత్రం తీయాలా వద్దా అని ఐసీయూ బయట వదిననూ పదో తరగతి పిల్లాణ్నీ అడుగుతారు. ఆ బరువు వాళ్ల మీద పెట్టకుండా మనమే చెప్పివెళ్లడం వాళ్లకు మనం చేసే ఉపకారం. అయితే ఇది వైద్యానికే. దీనితో బ్యాంకులో రూపాయి కూడా రాదు. అలాగే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద తెల్లకాగితం మీద రాసి నామినేటెడ్ ప్రతినిధిని పెట్టుకోవచ్చు. ఆ ప్రతినిధికి కూడా చికిత్స విషయంలోనే అధికారం, ఆస్తి మీద ఉండదు.

ఆస్తి కాస్త ఎక్కువ ఉన్నవాళ్లు, అద్దెలు వచ్చే ఇల్లో దుకాణమో ఉన్నవాళ్లు, 1882 ట్రస్టుల చట్టం కింద కుటుంబ ట్రస్టు పెట్టి భార్యనూ నమ్మకమైన ఇంకొకరినీ ట్రస్టీలుగా చేస్తే, మనిషి మంచాన పడినా ట్రస్టు పని ఆగదు. ఖర్చుతో కూడిన పని, వకీలును కలిసి చేయాల్సింది.

ఇంతసేపూ ఆయన పడిపోతే అన్నాను. ఆమె పడిపోతే? స్టాంపు డ్యూటీ తగ్గుతుందని ఇల్లు ఆమె పేరున కొన్నాం, బంగారం లాకరు ఆమె పేరునే ఉంది, మహిళా సంఘం లెక్కలు ఆమె దగ్గరే. ఏ బీరువాలో ఏముందో, అవ్వకు ఏ మాత్ర ఎప్పుడో ఆమెకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. పైన చెప్పినవన్నీ ఆమె కోసమూ చేయాలి.

ఇక, ఇప్పటికే ఇది జరిగిపోయిన ఇంట్లో ఉండి ఈ మాటలు వింటున్నవాళ్లకు. ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు, స్కానింగులు, వైకల్య ధ్రువపత్రం, పెళ్లి కాగితం, పిల్లల జనన పత్రాలు, అత్తమామల ఆధార్, బ్యాంకు వద్దన్నట్టు రాతపూర్వకంగా ఇచ్చిన జవాబు, ఇవన్నీ ఒకచోట పెట్టుకోండి. బ్యాంకు నోటిమాటతో పంపేస్తే, మీరు దరఖాస్తు రాసి రసీదు తీసుకోండి. కుటుంబంలో మిగతా పెద్దలు, ఈమె సంరక్షకురాలు కావడానికి మాకు అభ్యంతరం లేదని అఫిడవిట్ ఇస్తే నాగ్‌పూర్ బెంచిలో పని తేలికవుతుంది. ఆడబిడ్డలు, మరుదులు ఈ ఒక్క సాయం చేయండి. వకీలుకు డబ్బు లేదని ఆగిపోవద్దు. 1987 న్యాయసేవల చట్టం కింద స్త్రీలకు, వికలాంగులకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఉచితంగా వకీలును ఇస్తారు, ఆదాయం ఎంతని చూడరు. చంద్రపూర్ జిల్లా కోర్టులోనే జిల్లా న్యాయసేవల ప్రాధికార సంస్థ ఆఫీసు ఉంది. అక్కడికి వెళ్లలేకపోతే 15100 నంబరుకు ఫోను చేయండి. వృద్ధుల కోసం వేరే నంబరు ఉంది, 14567.